డీఎన్ఏ నుంచి ప్రొటీన్ దాకా మోడల్ కిట్: రైబోజోమ్ అదిరింది, అసలు కీలకం మాయం

ముందే చెప్పేస్తున్నా, కొనొచ్చు. కాకపోతే పెట్టె మీద "జెనెటిక్ కోడ్ మొత్తం మీ చేతుల్లో" అని పెద్ద అక్షరాలతో వేసినదాన్ని మాత్రం పట్టించుకోకండి, ఎందుకంటే ఆ కోడ్‌కి అర్థం ఎక్కడ పుడుతుందో సరిగ్గా ఆ ఒక్క అడుగునే వీళ్ళు ఎగరగొట్టేశారు. బయాలజీ పాఠాలు చెప్పేవాళ్ళ కోసం ఈ రివ్యూ కాస్త పొడుగ్గానే రాస్తున్నా.

పెట్టెలో డీఎన్ఏ ముక్కలు, ఎంఆర్ఎన్ఏ (డీఎన్ఏ నుంచి రాసుకున్న నకలు) పట్టీలు, టీఆర్ఎన్ఏలు (అమైనో ఆమ్లాన్ని మోసుకొచ్చే చిన్న ఆర్ఎన్ఏలు), ప్రొటీన్‌కి ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాలకి రంగు పూసలు, రైబోజోమ్ (ఆ ఇటుకల్ని పేర్చి ప్రొటీన్ చేసే యంత్రం) బోర్డు, 64 కోడాన్ల (కోడ్‌లోని మూడక్షరాల మాటలు) చార్టు, ఒక సన్నపాటి మాన్యువల్ ఉంటాయి. ప్లాస్టిక్ గట్టిదే. పూసలు రెండు తక్కువొచ్చాయి, మెయిల్ పెడితే మారుమాట లేకుండా పంపారు.

డీఎన్ఏ భాగం బాగుంది. ఏ-టీ జతకి రెండు పిన్నులు, జీ-సీ జతకి మూడు పెట్టారు, కాబట్టి తప్పు జత కలపాలని చూసినా కలవదు. చివర్లలో దిశ చెప్పే 5 ప్రైమ్, 3 ప్రైమ్ గుర్తులు కూడా ఉన్నాయి. చిక్కల్లా రెండు పోగులూ ఒకే రంగులో ఉండటం, ఏది టెంప్లేటో (అంటే ఎంఆర్ఎన్ఏ చేయడానికి చదివే పోగు) ఎక్కడా రాయకపోవడం. మాన్యువల్ "ఇప్పుడు డీఎన్ఏని కాపీ చేయండి" అని ఒక్క ముక్కలో తేల్చేసింది. ఏ పోగుని అండీ? టెంప్లేట్ పోగుకి ఎదురు అక్షరాలు పేర్చుకుంటూ పోతే వచ్చే ఎంఆర్ఎన్ఏ రెండో పోగులాగే ఉంటుంది, టీ ఉన్నచోట యూ వస్తుంది అంతే. ఈ ఒక్క మాట రాసి ఉంటే సగం క్లాసు దీనికే పోయేది కాదు. టెంప్లేట్ మీద రంగు టేపు అంటించుకుని వాడుకోండి. ఇంట్రాన్లు (ఆర్ఎన్ఏలోంచి కోసి తీసేసే ముక్కలు), స్ప్లైసింగ్ (ఆ కోత, అతుకు) ఊసే లేదు, అంటే అవి పెద్దగా లేని బ్యాక్టీరియా కథ చెప్పి వదిలేశారన్నమాట. మొదటిసారి నేర్చుకునేవాళ్ళకి అది చాలులెండి.

రైబోజోమ్ బోర్డు మాత్రం ఎవరో బుర్ర పెట్టి చేశారు. చిన్న భాగం, పెద్ద భాగం విడివిడిగా వస్తాయి. మధ్యలో గాడిలో పట్టీ పెట్టి లాగితే సరిగ్గా మూడేసి అక్షరాలకి ఒక్కో క్లిక్. 'ఏ', 'పీ', 'ఈ' అని మూడు గదులు. ఏయూజీ (మొదలుపెట్టమని చెప్పే కోడాన్) దగ్గర మొదటి టీఆర్ఎన్ఏ మెథియొనిన్‌తో నేరుగా పీ గదిలో కూర్చుంటుంది, ఆ తర్వాత వచ్చేవన్నీ 'ఏ' గదిలోకే. నాకు బాగా నచ్చింది ఆ తర్వాతి అడుగు. కొత్త అమైనో ఆమ్లాన్ని తీసుకెళ్ళి గొలుసు చివర తగిలిస్తారని చాలామంది అనుకుంటారు కదా, ఇక్కడ ఆ పప్పులుడకవు. పీ గదిలో ఉన్న గొలుసు మొత్తాన్ని ఊడదీసి 'ఏ' గదిలోని కొత్త పూసకి తగిలించాల్సిందే, అప్పుడే పట్టీ కదులుతుంది, ఖాళీ అయిన టీఆర్ఎన్ఏ 'ఈ' గదిలోంచి బయటపడుతుంది. అసలు రైబోజోమ్‌లో జరిగేదీ అదే. ఆ బంధం పడే చోట బోర్డుకి ఆర్ఎన్ఏ ముక్కల రంగే వేశారు, ఎందుకంటే అక్కడ పని చేసేది రైబోజోమ్‌లోని ఆర్ఎన్ఏ, ప్రొటీన్ కాదు. ఇంత చక్కటి విషయం మాన్యువల్‌లో లేదు! రైబోజోమ్ నిర్మాణం తేల్చినందుకు వెంకట్రామన్ రామకృష్ణన్, థామస్ స్టైట్జ్, అడా యోనత్‌లకి 2009లో నోబెల్ వచ్చిందన్న ముక్క కూడా లేదు.

యూఏఏ, యూఏజీ, యూజీఏ (ఆపమని చెప్పే స్టాప్ కోడాన్లు) వచ్చినప్పుడు పెట్టడానికి ఎర్ర దిమ్మ ఒకటిచ్చారు, రిలీజ్ ఫ్యాక్టర్ అని. స్టాప్ కోడాన్‌ని చదివేది టీఆర్ఎన్ఏ కాదు, ఈ ప్రొటీనే, కాబట్టి దానికి ఫుల్ మార్కులు. సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా మారే జబ్బు) కార్డు కూడా బాగుంది: హిమోగ్లోబిన్‌లో భాగమైన బీటా గ్లోబిన్‌లో జీఏజీ కాస్తా జీయూజీ అయితే ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం పోయి వాలిన్ వస్తుంది, పూస మార్చి చూపించొచ్చు. పట్టీలోంచి ఒక అక్షరం పీకేస్తే అక్కడి నుంచి అంతా తారుమారు, వరసగా మూడు పీకితే చాలావరకు మిగతాదంతా మళ్ళీ దారిలో పడుతుంది. పిల్లలు దీని దగ్గర ఆగిపోతారు, కదలరు.

చార్టు సోసో. ల్యూసిన్‌కి ఆరు కోడాన్లు, ట్రిప్టోఫాన్‌కి ఒక్కటే, అన్నీ సరిగ్గానే ఉన్నాయి గానీ అక్షరాలు చీమల్లా ఉన్నాయి. కింద "అన్ని జీవుల్లోనూ ఇదే కోడ్" అని రాశారు. దాదాపు అనాలి. మన మైటోకాండ్రియాలోనే యూజీఏ అంటే స్టాప్ కాదు, ట్రిప్టోఫాన్.

ఇక అసలు గొడవ. టీఆర్ఎన్ఏ ముక్కకి ఒక కొసన యాంటీకోడాన్ (కోడాన్‌తో జత కట్టే మూడక్షరాలు), రెండో కొసన పూస దూర్చే గాడి ఉంటాయి. ఆ గాడిలో ఏ పూసైనా పడుతుంది. మా దగ్గర ఒకమ్మాయి ఫీనైల్ అలనిన్ టీఆర్ఎన్ఏకి ల్యూసిన్ పూస తగిలించింది, రైబోజోమ్ బోర్డు దాన్ని శుభ్రంగా తీసేసుకుంది, యాంటీకోడాన్ జత కుదిరింది కదా మరి. నిజానికి కణంలో ఏ టీఆర్ఎన్ఏకి ఏ అమైనో ఆమ్లం అతకాలో చూసుకోవడానికి సింథటేజ్ అనే ఎంజైములు ఉంటాయి, సాధారణంగా ఒక్కో అమైనో ఆమ్లానికి ఒకటి. యూయూయూ అంటే ఫీనైల్ అలనిన్ అని ఖాయం చేసేది ఈ అతికింపే. ఐసోల్యూసిన్‌ని అతికించే ఎంజైముకైతే వాలిన్‌తో పెద్ద తలనొప్పి, రెండింటికీ తేడా ఒక్క కార్బన్ గుంపే, అందుకే పొరపాటున అతుక్కున్న వాలిన్‌ని కోసి పారేయడానికి దానిలో వేరే గది కూడా ఉంది. కిట్‌లో సింథటేజ్ బొమ్మ లేదు, మాన్యువల్‌లో పేరైనా లేదు. "టీఆర్ఎన్ఏ తన అమైనో ఆమ్లాన్ని తెస్తుంది" అట. ఎవరిచ్చారో!

సరదా ఏంటంటే బోర్డు చేసిన పని మాత్రం కరెక్టే. 1962లో సిస్టీన్ అతికించిన టీఆర్ఎన్ఏని తీసుకుని, దాని మీదున్న సిస్టీన్‌ని రసాయనికంగా అలనిన్‌గా మార్చేసి చూశారు. రైబోజోమ్ యాంటీకోడాన్‌నే నమ్మి, సిస్టీన్ రావాల్సిన చోట అలనిన్ పెట్టేసింది. కంపెనీవాళ్ళు ఈ ప్రయోగాన్ని ఒక కార్డుగా వేసి ఉంటే ఈ లోపమే పాఠం అయ్యేది.

నేను చేస్తున్నది చెప్తా. పూసలన్నీ ఒకరి చేతికిచ్చి వాళ్ళని సింథటేజ్‌గా కూర్చోబెట్టండి. ఖాళీ టీఆర్ఎన్ఏ వాళ్ళ దగ్గరికి వెళ్ళాలి, ఒక ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) చీటీ ఇచ్చి పూస ఎక్కించుకుని రావాలి. కాసేపయ్యాక ఆ కూర్చున్నవాళ్ళని కావాలనే తప్పు పూసలు ఇమ్మని చెవిలో చెప్పండి, చివర్లో వచ్చిన గొలుసుని చార్టుతో పోల్చమనండి. తప్పు ఎక్కడ జరిగిందో మిగతా పిల్లలే వెతుక్కుంటారు.

5కి 3.5 ఇస్తున్నా. పైక్లాసుల వాళ్ళకి, టీచర్లకి ఓకే. బుడ్డోళ్ళున్న ఇంట్లో మాత్రం వద్దు, పూసల్లో చిన్న చిన్న అయస్కాంతాలున్నాయి, ఒకటికి రెండు మింగితే పేగుల్లో అతుక్కుని ప్రాణం మీదకి వస్తుంది, ఆ హెచ్చరిక పెట్టె అడుగున ఎక్కడో వేశారు.