రాయగడ బజారులో మూడు రకాల చోడిపిండి: ఏది కొనాలి, ఏది వదిలేయాలి

ఒడిశాలోని రాయగడలో చోడిపిండి, అంటే రాగిపిండి, మూడు రూపాల్లో దొరుకుతుంది. సంతలో చోళ్లు కొని మిల్లులో ఆడించుకునేది ఒకటి, కొట్లో అమ్మే ఉత్త పిండి ప్యాకెట్టు ఒకటి, పాలల్లో కలుపుకుంటే చాలనే రాగి మాల్ట్ డబ్బా ఇంకొకటి. తెల్లారగట్ల రైల్వే డ్యూటీకో, జేకేపూర్ పేపరు మిల్లు షిఫ్టుకో పరిగెత్తేవాళ్ల చెయ్యి మూడోదాని మీదకే పోతుంది. మూడింట్లో తీసికట్టు అదే.

డబ్బా ముందు చోడి కంకి బొమ్మ ఎంత అందంగా ఉన్నా చదవాల్సింది వెనకవైపు. బరువులో ఏది ఎక్కువుంటే దాని పేరే ముందు రాయాలన్నది నిబంధన. మొదటి పేరు పంచదారో బెల్లంపొడో అయితే మీరు కొంటున్నది చోడి వాసన తగిలిన తీపి. కింద పట్టికలో యాడెడ్ షుగర్స్, అంటే విడిగా కలిపిన తీపి, అన్న గడి చూడండి. 100 గ్రాములకు 40 అని ఉంటే, 30 గ్రాముల మోతాదులో 12 గ్రాములు, అంటే మూడు టీ చెంచాల పంచదార. రోజు మొత్తం మీద 25 గ్రాములు దాటకపోతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. ఆ లెక్కలో సగం, టీ పొయ్యి మీదకి ఎక్కకముందే అయిపోయింది! బెల్లమని రాసినా లెక్క మారదు. ధర కూడా చూడండి. 2024-25లో చోళ్ల మద్దతు ధర క్వింటాలుకి 4,290 రూపాయలు, కిలోకి 43 లోపే. శుభ్రం చేసి ఆడించిన ఖర్చు కలుపుకున్నా, డబ్బా ధరని కిలోకి కట్టి చూస్తే మిగతాది దేనికిస్తున్నామో తెలుస్తుంది.

ఉత్త పిండి ప్యాకెట్టుతో పేచీ తక్కువ. జాబితాలో ఒకే పేరుండాలి, ప్యాక్ చేసిన తేదీ దగ్గరలో ఉండాలి, విప్పగానే ముక్కవాసన రాకూడదు. మొలకెత్తించిన చోళ్ల పిండి అని అమ్మేదాన్ని కాస్తే అంబలి నీళ్లగా వస్తుంది. కల్తీ అనుకుని దుకాణంవాడితో గొడవపడకండి. మొలకెత్తినప్పుడు పుట్టే ఎంజైములు పిండిపదార్థాన్ని తుంచేస్తాయి, అందుకే పలచదనం, కాస్త తీపి. చిక్కగా కావాలనుకునేవాళ్లకి మామూలు పిండే నయం.

మొదటి ఓటు మిల్లులో ఆడించిన పిండికే. దాని జబ్బల్లా ఇసుక, కళ్లంలో నూర్చినప్పుడే కలుస్తుంది. గ్లాసు నీళ్లలో చెంచాడు పిండి బాగా కలిపి, నిమిషం ఆగి పైతేట వంపేయండి. అడుగున వేలికి గరగరలాడితే ఆ చోళ్లు సరిగ్గా కడగలేదు. మూడు నీళ్లు కడిగి, గాలించి, ఎండలో గలగలలాడేదాకా ఆరబెట్టాకే మిల్లుకివ్వాలి. తడి మిగిలితే పిండి వారంలోనే ఉండ కడుతుంది. వానాకాలంలో రెండు కిలోలకి మించి ఆడించొద్దు. మీ ముందు మిరపకాయలు ఆడించారేమో అడగడం మర్చిపోకండి.

చోడిని ఎందుకంత పట్టుకోవాలంటే, జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టిక ప్రకారం 100 గ్రాముల చోళ్లలో కాల్షియం సుమారు 364 మిల్లీగ్రాములు, పీచు 11 గ్రాములు. అదే తూకం తెల్లబియ్యంలో కాల్షియం పదికి లోపే. అయితే చోడి తాగితే షుగరు పెరగదన్న మాట నమ్మొద్దు. మెత్తటి పిండి జావ తొందరగానే అరుగుతుంది. షుగరున్నవాళ్లు దాన్ని అన్నానికి బదులు తీసుకోవాలిగాని, అన్నానికి అదనంగా కాదు.

ఇక అంబలి కాచుకునే తీరిక లేదనేవాళ్ల సంగతి. ఒకరికి 30 గ్రాముల పిండి, అంటే గుండుగా రెండు పెద్ద చెంచాలు, రాత్రే అర గ్లాసు చన్నీళ్లలో కలిపి మూత పెట్టేయాలి. పొద్దుటికి కాస్త పులుస్తుంది. పులుపు వల్ల ఇనుము, కాల్షియాలను పట్టి ఉంచే ఫైటేట్లు తగ్గుతాయి. చలికాలంలో కోరాపుట్ కొండల మీద రాత్రి కలిపితే చాలదు, ఇంకా ముందే, సాయంత్రమే కలపాలి. మరుగుతున్న గ్లాసున్నర నీళ్లలో ఈ పిండినీళ్లు పోస్తూ గరిటె ఆపకుండా తిప్పాలి. పొడి పిండిని వేడినీళ్లలో చల్లితే పైపొర ఉడికి గట్టిపడిపోయి, లోపల పచ్చిపిండి ఉండలు మిగులుతాయి. సన్నటి సెగ మీద ఏడెనిమిది నిమిషాల్లో రంగు ముదిరి మెరుపు వస్తుంది. ఆ మెరుపు రాకముందే దించితే పచ్చివాసన, ఆ పైన కడుపుబ్బరం. మాల్ట్ డబ్బాకైనా పాలు కాచాలిగా, మిగిలేది అయిదు నిమిషాలు.

చల్లారాక అర గ్లాసు మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ ముక్కలు. నిమ్మకాయ పిండితే ఇనుము బాగా వంటబడుతుంది, వెంటనే టీ తాగితే ఆ లాభం పోతుంది. డ్యూటీకి పట్టుకెళ్లేవాళ్లు అంబలిని చిక్కగా స్టీలు డబ్బాలో, మజ్జిగని వేరే సీసాలో తీసుకెళ్లండి. రెండూ కలిపి బిగించేస్తే మే ఎండకి మధ్యాహ్నానికల్లా పులిసిపోయి, మూత తీయగానే చొక్కా మీదకి చిమ్ముతుంది.