మిద్దె తోటకి పురుగులు అంటుకునే జిగురు అట్టలు కొనొచ్చా?

కొనొచ్చు, కానీ పసుపువి మాత్రమే కాకుండా నీలం కూడా కలిపి ఉన్న ప్యాకెట్ తీసుకోండి. పసుపు అట్టకి తెల్లదోమ అంటుకుంటుంది, నీలం అట్టకి తామర పురుగులు (త్రిప్స్) ఎక్కువగా వస్తాయి, కాబట్టి మొక్కల్ని ఏ పురుగు పీలుస్తోందో మందుకి డబ్బులు పెట్టకముందే తెలుస్తుంది, నాకైతే అసలు లాభం ఇదే. పురుగులన్నీ దీంతోనే పోతాయని అమ్మేవాళ్లు చెప్పే మాట మాత్రం నమ్మకండి.

మిరపలో ఆకు అంచులు పైకి పడవలా ముడుచుకుంటే పై ముడత, అంటే తామర పురుగు పని. ఆకు కిందికి ముడుచుకుని కాడ సాగితే అది కింది ముడత, నల్లి వల్ల వచ్చేది (మంచాల్లో ఉండే నల్లి కాదు, ఆకు రసం పీల్చే మైట్). నల్లికి రెక్కలు లేవు, అట్టకి అంటుకోదు, అందుకే అట్ట ఖాళీగా ఉందని ధీమాగా ఉండకుండా ఆకు తిప్పి భూతద్దంతో చూడండి. నల్లే అయితే నీటిలో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాములు కలిపి, ఎండ తగ్గాక కొట్టాలి.

బెండ ఆకుల్లో ఈనెలు పసుపు వలలా కనిపిస్తే పల్లాకు తెగులు. అది వైరస్, తెల్లదోమ మోసుకొస్తుంది, ఒకసారి సోకాక మందు లేదు, మనసు ఒప్పకపోయినా ఆ మొక్క పీకేయాల్సిందే!

దుమ్ము పడితే జిగురు పనిచేయదు, అట్ట మార్చాలి. రసం పీల్చే పేనుబంకని తినే అక్షింతల పురుగులు కూడా ఒక్కోసారి ఇరుక్కుంటాయి, అది చూస్తే బాధేస్తుంది. అందుకని తోటంతా వేలాడదీయకుండా అనుమానం ఉన్న కుండీల దగ్గరే పెట్టండి.