చేతబడి భయానికి ఏది మేలు: రుఖ్యానా, విడుదల ప్రార్థనా?

చేతబడి చేసినా, చేయించినా ఇస్లాం, క్రైస్తవం రెండు మతాల్లోనూ మహాపాపమే. చిల్లంగివాడు, కర్ణపిశాచి నడిగేవాడు మీ మధ్య ఉండకూడదని బైబిల్‌లోని ద్వితీయోపదేశకాండం 18వ అధ్యాయం చెబుతుంది. హదీసుల్లో (ప్రవక్త ముహమ్మద్ మాటల్లో) చెప్పిన ఏడు వినాశకర పాపాల్లో షిర్క్, అంటే అల్లాహ్‌కు సాటి కల్పించడం, తర్వాత స్థానం సిహ్ర్‌దే, అంటే చేతబడిదే. సోదె అడిగినవాడి నమాజు 40 రోజులు స్వీకారం కాదని మరో హదీసు.

అసలు తేడా, భయంతో వచ్చినవాడికి ఏం చేయమంటారన్న దగ్గరే ఉంది.

ఇస్లాంలో మార్గం రుఖ్యా, అంటే దైవ వాక్యాలు చదివి రక్షణ, స్వస్థత కోరడం. షరతులు మూడు: చదివేది అల్లాహ్ వాక్యమో ఆయన నామమో కావాలి, అర్థమయ్యే మాటలు కావాలి, నయం చేసేది అల్లాహ్‌యే తప్ప ఆ మాటలు కావని నమ్మాలి. రోజువారీ పద్ధతి ఇంకా తేలిక. పడుకునేముందు రెండు చేతులూ దగ్గర చేసి ఇఖ్లాస్, ఫలఖ్, నాస్ సూరాలు చదివి, చేతుల్లోకి ఊది, తల, ముఖం మొదలుకొని ఒళ్లంతా నిమురుకోవాలి. ఇలా మూడుసార్లు. ఎవరికీ పైసా ఇవ్వక్కర్లేదు, మధ్యవర్తి అక్కర్లేదు. చిక్కు తావీజు దగ్గర వస్తుంది. ఖుర్ఆన్ వాక్యాలే రాసినదైతే కట్టుకోవచ్చని కొందరు ఉలమా (మత పండితులు), అదీ వద్దని అహలె హదీసు వర్గంవాళ్లు అంటారు. గళ్లు గీసి అంకెలు, అర్థంకాని పేర్లు నింపిన తావీజు మాత్రం రెండో షరతు దగ్గరే తేలిపోతుంది.

ఇక క్రైస్తవంలో మార్గం విడుదల ప్రార్థన, అంటే యేసు నామాన దయ్యాన్ని వెళ్లగొట్టే ప్రార్థన. కేథలిక్కుల్లో భూతోచ్చాటన అందరి పని కాదు. చర్చి చట్టంలోని 1172వ నిబంధన ప్రకారం పీఠాధిపతి (బిషప్) ప్రత్యేక అనుమతి పొందిన గురువే (ఫాదర్) చేయాలి. 1999లో వెలువడిన సవరించిన భూతోచ్చాటన క్రమం, దయ్యం పట్టిందని తొందరపడి నమ్మొద్దంటుంది, అవసరమైతే మానసిక వైద్యుల్నీ సంప్రదించమంటుంది. పెంతెకొస్తు సంఘాల్లో ఆ జల్లెడ లేదు. మార్కు 16:17 ఆధారంగా విశ్వాసి ఎవరైనా యేసు నామాన దయ్యాన్ని వెళ్లగొట్టవచ్చు. అందుబాటు ఎక్కువ, అదుపు తక్కువ.

రెండుచోట్లా పని చెడేది ఒకేలా: మూర్ఛనో మతిభ్రమనో దయ్యమని తేల్చి మందులు ఆపించడం, ‘లోపలున్నది’ పోవాలని మనిషిని కొట్టడం. దెబ్బ తగిలేది రోగికే.

రాత్రిళ్లు పట్టే భయానికైతే రుఖ్యా మేలు, ఎవరి చేతుల్లోనూ పడకుండా గడిచిపోతుంది. మనిషి ప్రవర్తనే మారిపోతే కేథలిక్కు క్రమం మేలు, ఎందుకంటే అక్కడ డాక్టరు మాటకు చోటుంది. వెళ్లినచోట ‘నీ మీద ఫలానావాళ్లు చేయించారు’ అని పేరు చెబితే వెంటనే లేచి రండి. అది సోదె, రెండు మతాలూ కాదన్న పనే.