గ్రేట్‌సోర్డా, కత్తీ డాలా, గ్లేవా: మీ క్యారెక్టర్ చేతికి ఏది మేలు?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో కొత్త క్యారెక్టర్ షీట్ నింపేటప్పుడు ఆయుధాల పట్టికలో అందరి చూపూ ముందు డ్యామేజ్ గడి మీదే పడుతుంది. డీ12 (పన్నెండు ముఖాల పాచిక) కనబడగానే అక్కడే ఆగిపోతాం. నన్నడిగితే చివర చూడాల్సిన గడి అది. ఆ ఆయుధం పట్టాక ఇంకో చెయ్యి ఖాళీగా ఉంటుందా, శత్రువు ఎంత దూరంలో ఉండగా దెబ్బ వేయగలం, మన బోనస్ యాక్షన్ (టర్న్‌లో మామూలు యాక్షన్‌కి తోడు దొరికే చిన్న చర్య) దేనికి ఖర్చవుతుంది, ఇవి ముందు తేల్చుకోవాలి. నేను రాస్తున్నది ఆ ఆట ఐదో ఎడిషన్ గురించి. 2014 నియమాలతో ఆడేవాళ్ళూ, 2024 నియమాలకు మారినవాళ్ళూ ఉన్నారు కాబట్టి తేడా వచ్చిన చోట చెబుతాను.

కత్తికీ గొడ్డలికీ మధ్య పాత తగువు

రెండు చేతులా పట్టే పెద్ద కత్తి గ్రేట్‌సోర్డ్‌కి 2డీ6 (ఆరు ముఖాల పాచికలు రెండు), పెద్ద గొడ్డలి గ్రేట్‌యాక్స్‌కి 1డీ12. సగటున కత్తికి 7, గొడ్డలికి 6.5. అర పాయింటే తేడా. దెబ్బ పడే తీరు మాత్రం చాలా వేరు. గొడ్డలితో 12 పడే అవకాశం పన్నెండింట ఒకటి, 1 పడే అవకాశమూ అంతే. కత్తితో 12 రావాలంటే ముప్ఫై ఆరింట ఒక్కసారే, కానీ 2కి దిగువకు పోదు, ఎక్కువగా 6, 7, 8 దగ్గరే తిరుగుతుంది. ఫైటర్ క్లాస్ వాడు గ్రేట్ వెపన్ ఫైటింగ్ అనే పోరాట స్టైల్ తీసుకుంటే 2014 నియమాల్లో 1, 2 పడిన డైస్‌ని ఇంకోసారి వేసుకోవచ్చు. అప్పుడు కత్తి సగటు 8.33, గొడ్డలి సగటు 7.33. ఫైటర్‌కీ, దైవభక్తుడైన యోధుడు పాలడిన్‌కీ ఈ రెండింట్లో కత్తే మేలని నేను తేల్చి చెబుతాను.

బార్బేరియన్ అంటే గొడ్డలే అనే మాట సగమే నిజం. 2014 బార్బేరియన్‌కి 9వ లెవెల్‌లో బ్రూటల్ క్రిటికల్ వస్తుంది, క్రిట్ పడినప్పుడు (దెబ్బ కోసం వేసే ఇరవై ముఖాల డీ20 మీద 20 పడి ఆయుధం డైస్ రెట్టింపైనప్పుడు) ఆయుధం డైస్ ఇంకొకటి అదనంగా వేస్తాడు. గొడ్డలికి అది 3డీ12, సగటు 19.5. కత్తికి 5డీ6, సగటు 17.5. క్రిట్‌కి రెండు పాయింట్లు లాభమే, కానీ రెక్‌లెస్ అటాక్‌తో అడ్వాంటేజ్ (డీ20 రెండుసార్లు వేసి పెద్దది తీసుకోవడం) తెచ్చుకున్నా క్రిట్ పడేది నూటికి పదిసార్ల లోపే. మిగతా మామూలు దెబ్బలన్నిటిలోనూ కత్తి అర పాయింటు ముందుంటుంది. డీ20 మీద 8 గానీ అంతకు పైన గానీ పడితే దెబ్బ తగిలే శత్రువును తీసుకుని లెక్క వేస్తే, మొత్తం మీద కత్తిదే పైచేయి. అదే హాఫ్-ఆర్క్ బార్బేరియన్ అయితే క్రిట్‌కి ఇంకో డైస్ కలిసి గొడ్డలికి 26, కత్తికి 21 అవుతుంది, అప్పుడు గొడ్డలి వెంట్రుకవాసి ముందుకొస్తుంది. వేరే జాతి బార్బేరియన్‌కి ఆ రోజు రావాలంటే 13వ లెవెల్ చేరాలి. గొడ్డలి చేతిలో ఉంటేనే మీ బార్బేరియన్ మీకు కళ్ళకు కడతాడంటే నిశ్చింతగా గొడ్డలే తీసుకోండి, అర పాయింటు కోసం ఆ ఊహను చంపుకోకండి.

డాలు విలువ ఎక్కడుంది

లాంగ్‌సోర్డ్ 1డీ8, దాంతో డ్యూయెలింగ్ స్టైల్ తీసుకుంటే దెబ్బకు +2, అంటే సగటు 6.5. స్టైల్‌తో కలిపి గ్రేట్‌సోర్డ్ 8.33. తగిలిన ప్రతి దెబ్బకూ రెండు పాయింట్ల లోపు వదులుకుని, బదులుగా డాలుతో ఏసీకి (ఆర్మర్ క్లాస్, మనల్ని కొట్టడానికి శత్రువు అందుకోవాల్సిన అంకె) +2 తెచ్చుకుంటున్నాం. ఈ బేరం లాభమా కాదా అన్నది మీ కవచం చెబుతుంది.

శత్రువు మిమ్మల్ని నూటికి 50 సార్లు కొట్టగలిగితే, డాలు పట్టాక అది 40 అవుతుంది. మీకు తగిలే దెబ్బల్లో అయిదో వంతు తగ్గింది. మీరు ముందే చెయిన్ మెయిల్ లాంటి మంచి కవచంలో ఉండి శత్రువు 30 సార్లే కొట్టగలిగితే, డాలుతో అది 20కి దిగుతుంది. ఈసారి తగ్గింది మూడో వంతు. బలహీనంగా ఉన్నవాడికి డాలు ఎక్కువ అవసరం అనిపిస్తుంది గానీ, లెక్కలో దాని ఫలం ఎక్కువ దక్కేది గట్టి కవచం ఉన్నవాడికే. అందుకే హెవీ ఆర్మర్ వేసుకుని ముందు వరసలో నిలబడేవాళ్ళకు, ముఖ్యంగా పార్టీలో (మన జట్టులో) హీలర్ లేనప్పుడు, నేను కత్తీ డాలూ వైపే మొగ్గుతాను.

పాలడిన్‌కి ఇంకో కారణం కూడా ఉంది. దెబ్బకు దైవశక్తి జోడించే స్మైట్‌తో వచ్చే డీ8లు ఏ ఆయుధమైనా అంతే ఉంటాయి, కాబట్టి చిన్న డైస్ ఆయుధం పట్టుకున్నా ఆయన పెద్దగా నష్టపోడు. తన దైవచిహ్నాన్ని డాలు మీదే చెక్కించుకుంటే మెటీరియల్ కాంపోనెంట్ (చేతిలో ఉండాల్సిన వస్తువు) ఉన్న మంత్రాలకు వేరే చెయ్యి వెతుక్కోనక్కర్లేదు.

లాంగ్‌సోర్డ్‌ని రెండు చేతులా పట్టి డీ10 వేయవచ్చు కదా అని డాలు తీసి పక్కన పెట్టకండి. సగటున ఒక్క పాయింటు పెరుగుతుంది, రెండు చేతులా పట్టగానే డ్యూయెలింగ్ +2 పోతుంది. పైగా డాలు తీయడానికే ఒక యాక్షన్ పోతుంది.

పది అడుగుల దూరం

పొడవాటి కర్ర చివర అలుగున్న గ్లేవ్, హాల్‌బర్డ్ రెండూ 1డీ10, రెండు చేతులూ కావాలి, 10 అడుగుల దూరం దాకా అందుతాయి. పట్టికలో చూస్తే గ్రేట్‌సోర్డ్ కన్నా తక్కువే అనిపిస్తాయి. ఆటలో నాకు అన్నిటికన్నా ఎక్కువ తృప్తినిచ్చేవి ఇవే. పది అడుగుల నుంచి కొట్టి వెనక్కి జరిగితే, అయిదడుగులే అందే శత్రువుకు ఆపర్చునిటీ అటాక్ (అందుబాటులోంచి తప్పుకునేవాడి మీద దొరికే అదనపు దెబ్బ) దొరకదు. ఇరుకైన గుహలో డాలు పట్టినవాడి వెనక నిలబడి అతని భుజం మీదుగా కొట్టవచ్చు, కొందరు డీఎంలు (ఆట నడిపించేవాళ్ళు) మధ్యలో మనిషి ఉన్నాడని శత్రువుకు హాఫ్ కవర్ (సగం చాటు) కింద ఏసీకి +2 ఇస్తారు గానీ.

పోలార్మ్ మాస్టర్ అనే ఫీట్ (క్యారెక్టర్ ఎంచుకునే ప్రత్యేక నైపుణ్యం) తీసుకున్నాక వీటి అసలు బలం తెలుస్తుంది. కర్ర రెండో కొనతో బోనస్ యాక్షన్ మీద ఇంకో దెబ్బ, డీ4కి మీ స్ట్రెంగ్త్ కలుస్తుంది. +3 ఉన్నవాడికి సగటున 5.5, అదీ ప్రతి టర్న్‌లోనూ. అర పాయింటు గురించి తగువులాడుకునే చోట ఇది కొండంత. 2014 నియమాల్లో దీనికి సెంటినెల్ ఫీట్ తోడైతే, మీ పరిధిలోకి అడుగుపెట్టిన శత్రువుకు దెబ్బ తగిలిందా, పది అడుగుల దూరంలోనే ఆగిపోతాడు. 2024లో ఆ దెబ్బను ఆపర్చునిటీ అటాక్ అనడం లేదు కాబట్టి ఈ జంట అలా కుదరదు. బోనస్ యాక్షన్ వేరే పనులకు వాడుకునే క్లాస్ అయితే గ్లేవ్ మీద ఇంత ఖర్చు పెట్టకండి.

రోగ్‌కి రేపియరా, రెండు షార్ట్‌సోర్డ్‌లా

దొంగచాటుగా కొట్టే రోగ్ క్లాస్‌కి సన్నని కత్తి రేపియర్ ఒకటా, రెండు చిన్న కత్తులా అన్నదానికి ఎక్కువ చర్చ అక్కర్లేదు. రోగ్ అదనపు డ్యామేజ్ ఇచ్చే స్నీక్ అటాక్ టర్న్‌కి ఒక్కసారే పడుతుంది, అందుకే రోగ్‌కి డైస్ సైజు కన్నా ఇంకో అవకాశం ఉండడం ముఖ్యం. ఒక దెబ్బ తగిలే అవకాశం నూటికి 65 అయితే, రెండింట్లో ఒకటైనా తగిలే అవకాశం దాదాపు 88. కాబట్టి రెండు షార్ట్‌సోర్డ్‌లు. కానీ 2014లో రెండో దెబ్బ బోనస్ యాక్షన్‌ని తినేస్తుంది, కొట్టి పారిపోయే రోగ్‌కి డిస్‌ఎంగేజ్ (ఎదురు దెబ్బ తినకుండా తప్పుకోవడం) మిగలదు. అలా ఆడేవాళ్ళకు రేపియర్ మంచిది. 2024లో ఒక చేతిలో నిక్ అనే మాస్టరీ (ఆయుధానికి ఉండే ప్రత్యేక గుణం) ఉన్న వంకర కత్తి సిమిటార్ పెట్టుకుంటే, ఆ మాస్టరీ మీకుంటే, రెండో దెబ్బ అటాక్ యాక్షన్‌లోనే వచ్చేస్తుంది, ఇక తగువే లేదు.

మాస్టరీలు వచ్చాక

2024 నియమాలు ఆయుధాల మధ్య తేడాను డైస్ నుంచి పనితీరుకు మార్చాయి, నాకిది ఎంతో నచ్చింది. గ్రేట్‌సోర్డ్‌కి గ్రేజ్ ఉంది, గురి తప్పినా స్ట్రెంగ్త్ మాడిఫయర్ అంత డ్యామేజ్ తగులుతుంది. గ్రేట్‌యాక్స్‌కి క్లీవ్, పక్కనే ఉన్న రెండో శత్రువు మీదకూ దెబ్బ వెళ్తుంది. మీ డీఎం గోబ్లిన్ల గుంపులు దింపేవాడైతే గొడ్డలి, ఒకే పెద్ద రాక్షసుణ్ణి నిలబెట్టేవాడైతే కత్తి. లాంగ్‌సోర్డ్, బాటిల్‌యాక్స్ డ్యామేజ్‌లో ఒకటే గానీ, మొదటిది సాప్‌తో శత్రువు తర్వాతి దెబ్బకు డిస్‌అడ్వాంటేజ్ (డీ20 రెండుసార్లు వేసి చిన్నది తీసుకోవడం) తెస్తుంది, రెండోది టాపుల్‌తో అతణ్ణి కింద పడేయగలదు. పార్టీలో దగ్గరగా నిలబడి కొట్టేవాళ్ళు ఇంకో ఇద్దరుంటే బాటిల్‌యాక్స్ తీసుకోండి, పడినవాడి మీద వాళ్ళకు అడ్వాంటేజ్ వస్తుంది. విలుకాళ్ళే ఎక్కువైతే మానేయండి, పడుకున్నవాడిని దూరం నుంచి కొట్టేవాళ్ళకు డిస్‌అడ్వాంటేజ్.

ఏది ఎంచుకున్నా నడుముకు ఒక మేస్ (గద) కూడా తగిలించుకోండి. అస్థిపంజరాలకు మొద్దు దెబ్బ రెట్టింపు తగులుతుంది. నల్లటి జిగురు ముద్దలాంటి రాక్షసి బ్లాక్ పుడింగ్‌ని కత్తితో నరికితే అది రెండుగా చీలి ఇద్దరవుతుంది, మామూలు లోహపు ఆయుధమైతే తగిలిన ప్రతిసారీ తుప్పు పట్టి బలహీనపడుతుంది కూడా. దాని మీదకు మీ ఇష్టమైన కత్తి దూయకుండా ఆ మేస్‌ని బలివ్వండి.