హనుమకొండలో రెండు రోజుల సర్వైవల్ అనాలిసిస్ తరగతి: మొదటి రోజుకే నా మార్కులు

థీసిస్ రాసే పీజీ వైద్య విద్యార్థుల కోసం హనుమకొండలోని ఒక శిక్షణ కేంద్రం శని, ఆదివారాల్లో నడిపిన సర్వైవల్ అనాలిసిస్ (మరణం, వ్యాధి తిరగబెట్టడం వంటి ఘటన జరిగేదాకా పట్టే కాలాన్ని విశ్లేషించే గణాంక పద్ధతి) తరగతికి నేను హాజరయ్యాను.

మొదటి రోజు అంతా సెన్సారింగ్ (ఘటన జరిగిందో లేదో తెలియకముందే పరిశీలన ఆగిపోయిన రోగుల లెక్క), లాగ్-ర్యాంక్ పరీక్ష (రెండు వర్గాల మనుగడను పోల్చేది) మీదే సాగింది. ఫాలో-అప్‌కు రావడం మానేసిన రోగిని జాబితా నుంచి కొట్టివేయకూడదని, చివరిసారి కనిపించిన రోజు వరకు లెక్కలో ఉంచాలని బోధకుడు ఓపికగా వివరించారు. ములుగు, భూపాలపల్లి వైపు నుంచి వచ్చి రెండో విడత చికిత్స తరువాత మళ్ళీ కనిపించని రోగులను చూసిన మాకు అది వెంటనే మనసుకెక్కింది. తరువాత 1963లో ప్రచురితమైన లుకేమియా అధ్యయనం తీసుకున్నారు. 6-మెర్కాప్టోప్యూరిన్ అనే మందు వాడినవారు 21 మంది, ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి మాత్ర) తీసుకున్నవారు 21 మంది. మొదటి వారంలో ఇద్దరికి వ్యాధి తిరగబెట్టింది. మందుకు ప్రభావమే లేకపోతే ఒక్కో వర్గంలో ఒక్కరు ఉండాలి, కానీ ఇద్దరూ ప్లాసిబోవారే. ఇలా ప్రతి వారానికీ బోర్డు మీద చేత్తో లెక్కించి కూడగా, మందు వర్గంలో సుమారు 19 మందికి తిరగబెట్టవలసిన చోట 9 మందికే తిరగబెట్టిందని తేలింది. సాఫ్ట్‌వేర్ ఇచ్చే పి-విలువ (మందుకు ప్రభావం లేకపోయినా ఇంత తేడా కనబడే అవకాశం) ఎక్కడి నుంచి పుడుతుందో నాకు ఆ బోర్డు దగ్గరే అర్థమైంది.

రెండో రోజు నిరాశపరచింది. 1972 నాటి కాక్స్ నమూనాను (ఘటన జరిగే ప్రమాదంపై వివిధ అంశాల ప్రభావాన్ని లెక్కించేది) కంప్యూటర్‌పై గబగబా నడిపించారు; రెండు వర్గాల ప్రమాద నిష్పత్తి (హజార్డ్ రేషియో) కాలమంతటా స్థిరంగా ఉండాలన్న షరతును ఒక్క వాక్యంతో దాటవేశారు. రెండు వర్గాల మనుగడను చూపే వక్రరేఖలు ఒకదానినొకటి ఖండిస్తే ఏం చేయాలని నేను అడిగితే, పి-విలువ వస్తుంది కదా అన్నారు. 2009లో వెలువడిన ఐపాస్ అనే ఊపిరితిత్తుల క్యాన్సర్ ట్రయల్‌లో రేఖలు సరిగ్గా ఇలాగే ఖండించుకున్నాయి: వ్యాధి ముదరకుండా గడిచిన కాలానికి జెఫిటినిబ్ అనే మందు హజార్డ్ రేషియో (ఒకటి కంటే తక్కువైతే ఆ మందుకే మేలు) మొత్తం మీద 0.74 వచ్చినా, కణితిలో ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మ్యుటేషన్ (మార్పు) ఉన్నవారిలో 0.48, లేనివారిలో 2.85 వచ్చింది. ఆ సగటు ఎవరికీ వర్తించదు. అలాంటప్పుడు రేఖల కింది వైశాల్యాన్ని, అంటే నిర్ణీత కాలంలోని సగటు మనుగడను పోల్చే పద్ధతి ఒకటుంది. దాని పేరైనా అక్కడ వినబడలేదు.

నోట్సు శుభ్రంగా అచ్చువేసి ఇచ్చారు, కుర్చీలు మాత్రం బడిపిల్లలవి. రెండు వర్గాల సాధారణ పోలికతో సరిపోయే థీసిస్ గలవారు నిస్సంకోచంగా చేరవచ్చు. చేతిలెక్కల రోజును విడిగా నడిపితే నేను మళ్ళీ ఫీజు కడతాను.