లెన్స్ వాడేవాళ్లకి కంటికురుపు వస్తే: 8 ఏళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

సాఫ్ట్ కాంటాక్ట్ లెన్స్ మొదలుపెట్టి 8 ఏళ్లు దాటింది. పవర్ రెండు కళ్లకీ మైనస్ 5 పైనే. మొదటి 5 ఏళ్లు నెలకోసారి మార్చే లెన్స్ వాడాను, ఆ తర్వాత నుంచి రోజుకో జత వాడి పారేసేవి. ఈలోగా కంటికురుపు 3 సార్లు లేచింది. లెన్స్ ఎంత మెత్తగా ఉంది, ఎన్ని గంటలు ఆగుతుంది అని చాలామంది రాస్తారు. కురుపు లేచిన వారం సంగతి ఎవరూ రాయరు, కాబట్టి నేను దాని గురించే రాస్తున్నాను.

మొదటిసారి అది కురుపని నాకు తెలియలేదు. పొద్దున్న కన్ను ఆర్పినప్పుడల్లా రెప్ప అంచున వెంట్రుక విరిగి ఇరుక్కున్నట్టు గుచ్చుతోంది. అద్దంలో చూస్తే ఒక రెప్ప వెంట్రుక మొదట్లో ఆవగింజంత ఎర్రటి పొక్కు. కురుపు రెప్ప మీద కదా, లెన్స్ కంట్లో కదా, దానికీ దీనికీ ఏం సంబంధం అనుకుని ఎప్పటిలాగే లెన్స్ పెట్టేసుకున్నాను. మధ్యాహ్నానికి లెన్స్ మీద నూనె పూసినట్టు మసక కమ్మింది. సాయంత్రం తీయబోతే అసలు కష్టం తెలిసింది. లెన్స్ తీయాలంటే రెప్ప లాగాలి, లాగితే ప్రాణం పోతోంది. మర్నాడూ అదే లెన్స్ పెట్టాను. మూడో రోజుకి తెల్లగుడ్డు కూడా ఎర్రబడింది.

కంటి డాక్టర్ కురుపు చూడకముందే అడిగిన ప్రశ్న, "లెన్స్ తీసేశారా?" అని. కారణం విన్నాక నాకే సిగ్గేసింది. కురుపు అంటే రెప్ప అంచున ఉండే చిన్న నూనె గ్రంథి మూసుకుపోయి, దాంట్లో బ్యాక్టీరియా చేరి చీము పట్టడం. చాలావరకు స్టెఫైలోకాకస్ పనే. ఆ బ్యాక్టీరియా కన్నీట్లోకి దిగి లెన్స్‌కి అంటుకుంటుంది. లెన్స్ కూర్చునేదేమో సరిగ్గా కార్నియా మీద, అంటే నల్లగుడ్డు ముందుండే పారదర్శకమైన పొర మీద. అక్కడ చిన్న గీత పడ్డా చాలు, ఇన్‌ఫెక్షన్ లోపలికి పోయి పుండు పడొచ్చు. కురుపు వారం రెండు వారాల్లో మానిపోతుంది, కార్నియా మీద పడిన మచ్చ మానదు. "కురుపు ఉండగా లెన్స్ సేఫ్‌గా పెట్టుకోవడం ఎలా?" అని నాలాగే వెతికేవాళ్లకి జవాబు ఒక్కటే: మానేదాకా పెట్టుకోకూడదు. ఒక కంటికే కురుపు ఉంది కదా అని రెండో కంటికి మాత్రం పెట్టుకోవడం కూడా ఒకరోజు చేసి చూశాను. తల తిరగడం తప్ప ఏమీ ఒరగలేదు.

ఇక వైద్యం. ముఖ్యమైనది వేడి కాపడం: పూటకి 10 నిమిషాలు, రోజుకి 3, 4 సార్లు. వినడానికి సులువే. గోరువెచ్చటి నీళ్లలో ముంచి పిండిన గుడ్డ రెండు మూడు నిమిషాల్లో చల్లారిపోతుంది, మళ్లీ ముంచాలి, మళ్లీ పిండాలి. గ్రంథిలో గడ్డకట్టిన నూనె కరగాలంటే వేడి ఆగకుండా తగలాలి. రెండోసారికి కళ్ల మీద పెట్టుకునే జెల్ మాస్క్ కొన్నాను. వేడి ఎక్కువసేపు నిలుస్తుంది, అందులో వంక లేదు. కానీ దాని గుడ్డ తొడుగు ప్రతిసారీ ఉతకాలి. లేకపోతే చీము తగిలిన గుడ్డనే మళ్లీ కంటికి పెట్టినట్టు. ఏదైనా సరే ముందు మణికట్టు లోపలి వైపు పెట్టి చూసుకోండి, రెప్ప చర్మం చాలా పల్చన. తడిగుడ్డని మైక్రోవేవ్‌లో పెట్టడం అసలు వద్దు, ఒకచోట చల్లగా, ఒకచోట కాలేలా ఉంటుంది. పక్వానికి వచ్చింది కదా అని నొక్కడం అంతకంటే వద్దు.

ఆయింట్‌మెంట్ రాసిన పూట లోకమంతా జిడ్డుగా కనిపిస్తుంది. దాని మీద లెన్స్ పెడితే ఆ జిడ్డు లెన్స్‌ని వదలదు. చుక్కల మందుల్లో చాలావాటిలో బెంజాల్కోనియం క్లోరైడ్ అనే ప్రిజర్వేటివ్ ఉంటుంది, మెత్తటి లెన్స్ దాన్ని పీల్చుకుని కంటి మీదే పట్టి ఉంచుతుంది. చుక్కలు వేసి 15 నిమిషాలు ఆగి లెన్స్ పెట్టుకోవచ్చు అని వినే ఉంటారు. అది వేరే అవసరాలకి వేసే కొన్ని చుక్కల మాట, ఇన్‌ఫెక్షన్ ఉన్న కంటికి చెప్పింది కాదు.

పారేయడం దగ్గర నా మనసు ఒప్పలేదు. నెల లెన్స్‌కి ఇంకా 19 రోజుల గడువుంది. డాక్టర్ చెప్పారని లెన్స్, అది నానబెట్టే డబ్బా, అప్పుడు వాడుతున్న మస్కారా అన్నీ పారేశాను. రెండోసారి మాత్రం డబ్బా బాగా కడిగాను కదా అని ఉంచేసుకున్నాను. పైగా కుళాయి నీళ్లతో కడిగాను, లెన్స్‌కి సంబంధించిన దేనికీ నీళ్లు తగలకూడదన్నది మొదటి పాఠమే అయినా! నీళ్లలో ఉండే అకాంతమీబా అనే సూక్ష్మజీవి కార్నియాకి పడితే వదిలించడం మహా కష్టం.

రోజువారీ లెన్స్‌కి మారడానికి సగం కారణం ఈ డబ్బా గొడవే. సొల్యూషన్ లేదు, డబ్బా లేదు, పారేయడానికి మనసు పీకదు. ఈ విషయంలో నెల లెన్స్ కంటే ఎన్నో రెట్లు నయం. అయితే కురుపు రాకుండా ఆపుతుందనుకోకండి, మూడోది రోజువారీవి వాడుతున్నప్పుడే వచ్చింది. అప్పుడు తేలింది, రెప్ప వెంట్రుకల మొదట్లో పొట్టు కడుతోందని, దాన్ని బ్లెఫరైటిస్ అంటారని. అప్పట్నుంచి రాత్రిపూట రెప్ప అంచులు శుభ్రం చేస్తున్నాను. 14 నెలలుగా కురుపు లేదు.

మళ్లీ లెన్స్ ఎప్పుడు? నొప్పి, వాపు, పుసి పోయి, తెల్లగుడ్డు తెల్లబడి, మందు కోర్సు అయిపోయి, డాక్టర్ సరే అన్నాక. మొదటి రోజు 4 గంటలే పెట్టుకున్నాను. నొప్పి లేకుండా గట్టి బుడిపె మిగిలితే అది కెలేజియాన్ కావచ్చు, డాక్టర్‌కి చూపించాలి. చూపు మసకబారినా, వెలుతురు చూడలేకపోయినా, కంటిలోపల నొప్పి పుట్టినా, వాపు బుగ్గకి పాకినా, జ్వరం వచ్చినా ఆ రోజే వెళ్లాలి.

నిజం చెప్పాలంటే మొదటిసారి నేను లెన్స్ తీయకపోవడానికి కారణం తెలియకపోవడం ఒక్కటే కాదు. కళ్లజోడు పవర్ 3 ఏళ్ల పాతది. పెట్టుకుంటే మెట్లు ఎక్కడున్నాయో అంచనా అందదు, గంటకే తలనొప్పి. అది సరిగ్గా ఉంటే రెండో రోజైనా లెన్స్ తీసి పక్కన పెట్టేదాన్ని. ఇప్పుడు లెన్స్ పవర్ మారినప్పుడల్లా కళ్లజోడూ మార్పిస్తున్నాను. మందపు అద్దాల్లో నా కళ్లు చిన్నవైపోతాయి, ఫొటోల్లో బాగోదు, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

నిన్న సాయంత్రం నుంచి ఎడమ రెప్ప అంచు కొంచెం దురదగా ఉంది. పొక్కేమీ లేదు. అయినా ఇదంతా కళ్లజోడుతోనే టైప్ చేశాను.