చిప్రోవ్‌ట్సీ మ్యూజియం: కిలీమ్‌ల గదితో మొదలుపెట్టకండి

వాయవ్య బల్గేరియాలో, సెర్బియా సరిహద్దు కొండల్లో ఉన్న చిన్న ఊరు చిప్రోవ్‌ట్సీ. 2014లో యునెస్కో జాబితాకెక్కిన కిలీమ్ (బొచ్చులేని తివాచీ) నేత దీనికి పేరు తెచ్చింది. మ్యూజియంలో మాత్రం ముందు గనుల సంగతి చూడండి. అది పట్టుకోకపోతే మిగతావన్నీ విడివిడి వస్తువుల్లా కనిపిస్తాయి.

వెండి, సీసం, ఇనుము తవ్వడానికి మధ్యయుగంలో జర్మన్ ప్రాంతాల నుంచి వచ్చిన సాక్సన్లు క్యాథలిక్ మతాన్ని వెంట తెచ్చారు. వాళ్లు స్థానికుల్లో కలిసిపోయారు, మతం నిలిచింది. పక్కనున్న జెలెజ్నా ఊరి పేరులోనే ఇనుముంది. ఇక్కడి కంసాలుల పనితనానికి మూలం ఈ గనులే.

ఇది పాషండుల (చర్చి బోధను కాదన్న శాఖలవాళ్ల) ఊరని కొందరు పొరబడతారు. బోగొమిలులు 10వ శతాబ్దంలో బల్గేరియాలోనే పుట్టిన శాఖ. పౌలీషియన్లు వేరే శాఖ, బైజాంటైన్ చక్రవర్తులు తూర్పు నుంచి తెచ్చి థ్రేస్‌లో దింపినవాళ్లు. డాన్యూబ్ వైపు పల్లెల్లోని పౌలీషియన్లను 17వ శతాబ్దంలో ఫ్రాన్సిస్కన్ సన్యాసులు క్యాథలిక్కులుగా మార్చారు. ఆ సన్యాసులకు చిప్రోవ్‌ట్సీయే కేంద్రం. ఊరికీ పాషండులకూ ఉన్న లంకె అదొక్కటే.

1688 సెప్టెంబరు 6న ఆస్ట్రియా సేన బెల్‌గ్రేడ్‌ను పట్టుకుంది. ఆ ధైర్యంతో గియోర్గి పెయాచెవిచ్, బోగ్దాన్ మారినోవ్ వంటివారి నాయకత్వంలో ఊరు ఒట్టోమన్లపై తిరగబడింది. ఆస్ట్రియా ప్రధాన సేన ఇంత దూరం రానేలేదు. కుట్లోవిట్సా దగ్గర వీళ్లను చితక్కొట్టింది హంగరీవాడైన ఇమ్రె తోకోలీ సేన. అతనూ తిరుగుబాటుదారే, కాకపోతే ఆస్ట్రియా నేలే హాబ్స్‌బర్గుల మీద, ఒట్టోమన్ల పక్షాన! ఊరు నేలమట్టమైంది. మిగిలినవాళ్లు డాన్యూబ్ దాటి వలాకియాకు, అక్కడినుంచి బానాత్‌కు చేరారు. 1738లో పౌలీషియన్ సంతతివాళ్లు స్టార్ బిష్నోవ్, 1741లో చిప్రోవ్‌ట్సీవాళ్లు వింగా కట్టుకున్నారు. రెండూ ఇప్పుడు రొమేనియాలో ఉన్నాయి.

కుట్లోవిట్సా అంటే నేటి మోంటానా. సోఫియా నుంచి వచ్చే దారి దాని మీదుగానే. పెట్రోహాన్ కనుమలో మలుపులెక్కువ. కడుపులో తిప్పేవాళ్లు ఖాళీ కడుపుతోనో, నిండా తినో బయల్దేరొద్దు. పాత క్యాథలిక్ చర్చి శిథిలాలు, ఊరి బయటి రీలా సెయింట్ ఐవన్ మఠం కూడా చూడాలంటే ఒక పూట చాలదు.

కిలీమ్ కొనేముందు తిరగేసి చూడండి. నిలువు మగ్గంపై నేసిన అసలు సరుకుకు బొచ్చుండదు, రెండు వైపులా ఒకే నమూనా. వెనక వేరే బట్ట అతికించి ఉంటే వదిలేయండి. అమ్మే మనిషి ఒప్పుకుంటే తడి తెల్లగుడ్డతో ఎరుపు రంగు మీద ఒక మూల రుద్దండి. రంగు అంటితే ఉతికినప్పుడు పక్క రంగులోకి పారుతుంది.